గిటారు కడుపులో కండెన్సర్

టోన్ మీటను పది నుంచి కిందికి తిప్పుకుంటూ వస్తున్నాను. తొమ్మిది, ఎనిమిది, ఏడు. తీగ మోతలో ఉన్న గాజుపెంకు పదును కొంచెం కొంచెంగా అరిగిపోతోంది. మూడుకి వచ్చేసరికి తలుపులు వేసిన గదిలోంచి వినిపిస్తున్నట్టుంది. ఒకటి దగ్గర ఇంకా మందం. సున్నాకి తిప్పితే పూర్తిగా చచ్చిపోతుందనుకున్నాను. చావలేదు సరికదా, జలుబు చేసినవాడి గొంతులాంటిదొకటి ముక్కులోంచి కొత్తగా లేచింది. ఒకటి దగ్గర లేని నిబ్బరం సున్నా దగ్గర ఎక్కణ్ణుంచి వచ్చింది?

వైరింగ్ తప్పు చేశానేమోనని మొత్తం ఊడదీసి మళ్ళీ అతికించాను. మళ్ళీ అదే మోత. ఈసారి నమ్మాల్సి వచ్చింది: తప్పు వైరింగులో లేదు, టోన్ మీట గురించి నాకున్న ఊహలో ఉంది. అది పైస్థాయి మోతలను కోసేసే కత్తెర అని అప్పటిదాకా అనుకునేవాణ్ణి.

గిటారు నేనే చేశానని చెప్పుకుంటాను గానీ అందులో కాస్త గొప్ప ఉంది. మెడ కొన్నది, పికప్‌లు కొన్నవి. ఒళ్ళు మాత్రం మా తాతగారి టేకు బల్ల పలకల్ని జంటగా అతికించి కోసింది. టేకు కాబట్టి అరగంట నిలబడి వాయిస్తే భుజం లాగేస్తుంది. బొబ్బిలి వీణలో పనస చెక్క మోగితేనే వీణ మోగుతుంది. ఎలక్ట్రిక్ గిటారులో ఆ పని చెక్కది కాదు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ కర్ణాటక సంగీతాన్ని పలికించిన మాండొలిన్ కూడా ఈ జాతిదే: బోలు లేని ఒళ్ళు, తీగల కింద పికప్. చెక్క రకాన్ని బట్టి నాదం ఎంత మారుతుందన్న తగువు గిటారువాళ్ళలో ఎప్పుడూ ఉండేదే, అందులోకి నేను దిగను. నన్ను వారాల తరబడి కూర్చోబెట్టింది చెక్క వెనక తవ్విన గుంటలోని నాలుగు వస్తువులు.

పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ. నా గిటారులో ఉన్నవి స్ట్రాటోకాస్టర్ తరహావి. ఆరు తీగలకీ ఆరు చిన్న అయస్కాంతపు కడ్డీలు, వాటి చుట్టూ వెంట్రుక మందపు రాగి తీగ సుమారు ఎనిమిది వేల చుట్లు. పైనున్న ఉక్కు తీగ కూడా ఆ కడ్డీ పొరుగున కొంత అయస్కాంతమవుతుంది. అది కదిలితే చుట్టలోంచి పోయే అయస్కాంత క్షేత్రం మారుతుంది, మారితే చుట్టలో కరెంటు పుడుతుంది. ఇది ఫారడే 1831లో కనిపెట్టిన సంగతే. జార్జ్ బోషాంప్ 1930ల మొదట్లో అమెరికాలో దాన్ని గిటారు తీగల కిందికి తెచ్చాడు, 1937లో పేటెంటు వచ్చింది. గట్టిగా మీటినా పికప్ ఇచ్చేది వోల్టులో ఏ కొద్ది పదో వంతులో. గోడ గడియారం సెల్లు ఒకటిన్నర వోల్టులు ఇస్తుంది, పోల్చుకోండి.

ఎనిమిది వేల చుట్లు ఉన్న వస్తువు ఊరికే కరెంటు పుట్టించి పక్కకు తప్పుకోదు. దానికి నిరోధం ఉంటుంది, మల్టీమీటరు పెడితే నాది ఆరు కిలో ఓములు చూపించింది. కరెంటులో వచ్చే మార్పుని అడ్డుకునే గుణం, అంటే ఇండక్టెన్స్ ఉంటుంది. ఈ తరహా పికప్‌లకి అది రెండు మూడు హెన్రీలు. చుట్టు పక్కన చుట్టు ఉంది కాబట్టి ఒక వంద పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ కూడా. దీన్నుంచి యాంప్లిఫయరుకి వెళ్ళే షీల్డు కేబుల్ ఉందే, అదీ పొడుగాటి కెపాసిటరే. మీటరుకి సుమారు వంద పికోఫారడ్‌లు.

ఇండక్టెన్స్, కెపాసిటెన్స్ ఒకచోట చేరితే ఏమవుతుందో చెప్పడానికి కుళాయి కింద బిందెను మించినది లేదు. బిందె ఎంత నిండిందో వంటింట్లోంచే చెప్పేస్తాం. కుళాయి ధార మోత మొదట్నుంచీ ఒకటే. ఆ గోలలోంచి తనకు సరిపడే స్థాయిని బిందెలోని గాలి ఏరుకుని పెద్దది చేస్తుంది. నీళ్ళు పెరిగి గాలి తగ్గేకొద్దీ ఆ స్థాయి పైకి పాకుతుంది. ధార మారలేదు, బిందె మారింది. పికప్ చుట్ట, కేబులూ కలిసి అలాంటి బిందె. ఇంజనీర్లు దీన్ని అనునాదం అంటారు. రెండున్నర హెన్రీల చుట్టకు మూడు మీటర్ల కేబుల్ తగిలిస్తే అనునాదం 5,000 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. ఆ ఇరుగుపొరుగు మోతలు కొంచెం ఉబ్బి వినిపిస్తాయి, దాని పైవి వేగంగా పడిపోతాయి.

ఆ 5,000 హెర్ట్జ్ చాలా దూరపు సంగతి అనిపించవచ్చు. గిటారు ఆరో తీగ పలికేది 82 హెర్ట్జ్, మొదటి తీగ 330. ఇరవై రెండో మెట్టు మీద వేలు పెట్టినా 1,175 దాటదు. అంతకు పైన ఉన్నవన్నీ అనుస్వరాలు, అంటే అసలు స్వరంతో పాటు మోగే పై మోతలు. కానీ గొంతుని గుర్తుపట్టించేవి అవే. మన చెవి చురుగ్గా ఉండేది రెండు వేలకీ ఐదు వేలకీ మధ్యన. గిటారు యాంప్‌లో వాడే పన్నెండు అంగుళాల స్పీకరు ఐదారు వేల హెర్ట్జ్ దాటితే పెద్దగా పలకదు. అందుకే ఈ అనునాదపు గుబ్బ కాస్త అటో ఇటో జరిగినా మొత్తం వాద్యం స్వభావమే మారినట్టు వినిపిస్తుంది.

ఇప్పుడు టోన్ మీట. దాని నిర్మాణం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది: ఒక కెపాసిటరు, దానికి వరసగా ఒక తిప్పుడు నిరోధం. రేడియో మెకానిక్కుల భాషలో ఒక కండెన్సరు, ఒక పాట్. వాల్వు రేడియోకి ఉండే టోన్ మీటా ఇదే రకం. ఆ పోలిక యాదృచ్ఛికం కాదు. టెలికాస్టర్, స్ట్రాటోకాస్టర్ గిటార్లు తెచ్చిన లియో ఫెండర్ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే షాపు నడిపినవాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు. గిటారు లోపల ఒక రేడియో మెకానిక్కు చేయి కనిపిస్తూనే ఉంటుంది.

కండెన్సరు కింది స్థాయి మోతలను అడ్డుకుంటుంది, పై స్థాయి మోతలకు దారి ఇస్తుంది. ఇక్కడ ఆ దారి ఎర్త్‌కి పోతుంది కాబట్టి పై మోతలు యాంపుకి చేరకుండానే జారిపోతాయి. పాట్ ఆ దారిలో ఉన్న కుళాయి. ఇంతవరకూ నా కత్తెర ఊహ సరైనదే. సున్నా దగ్గరే అది తెగిపోయింది. సున్నాలో పాట్ నిరోధం పోయింది, 47 నానోఫారడ్‌ల కండెన్సరు తిన్నగా చుట్ట మీదే పడింది. కేబుల్‌తో పోలిస్తే ఇది వంద రెట్లకు పైగా పెద్దది. అంటే బిందె పోయి గాబు వచ్చింది. లెక్క వేస్తే కొత్త అనునాదం 460 హెర్ట్జ్ దగ్గర తేలింది. నాకు వినిపించిన జలుబు గొంతు అదే. మరి ఒకటి, రెండు దగ్గర ఎందుకు లేదు? అక్కడ దారిలో ఇంకా కొన్ని వేల ఓములు మిగిలి ఉన్నాయి. మోగుతున్న బిందెలో తడిగుడ్డ పడేసినట్టు అవి ఆ గుబ్బను మింగేస్తాయి.

ఇది అర్థమయ్యాక కండెన్సరు విలువతో ఆడుకోవడమే మిగిలింది. 22 నానో వేస్తే సున్నా దగ్గరి గుబ్బ 670కి ఎక్కుతుంది, గొంతు స్పష్టంగా ఉంటుంది. తొలి స్ట్రాటోకాస్టర్లలో వేసిన 100 నానోతో 320కి దిగిపోతుంది, మాట మింగేసినట్టుంటుంది. రెండు చుట్టల హంబకర్ పికప్‌ల గిటార్లలో 22, ఫెండర్ తరహావాటిలో 47 ఎక్కువగా కనిపిస్తాయి. అన్నీ విని చూద్దామని కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాను.

“నలభై ఏడు నానో ఉందా అన్నా?”

“ఎన్ని వోల్టులు?”

“ఎన్నైనా పర్లేదు.”

ఆయన లెక్కపుస్తకం మీంచి తలెత్తాడు. “ఎన్నైనా అంటే ఎట్ల? దేన్ల వేస్తవ్?”

“గిటారులో.”

“గిటారుల కండెన్సరేంది!” అంటూనే చిన్న డబ్బాల అరలోంచి గుప్పెడు తీసి కాయితం మీద పోశాడు. పప్పుబద్దంత ఉన్నాయి. ఒక్కొక్కదాని మీద 473 అని ఉంది. 47 పక్కన మూడు సున్నాలు, పికోఫారడ్‌లలో. 223 అంటే 22 నానో, 104 అంటే 100. వోల్టుల గురించి ఆయన అడిగింది న్యాయమే, కరెంటు లైను మీద వేసేవాడికి అది ప్రాణం మీది సంగతి. పికప్ ఇచ్చే చిల్లర వోల్టులకి ఏ రకమైనా చాలు.

అంతకుముందే ఒక తప్పు చేసి ఉన్నాను. నూనెలో నానబెట్టిన కాయితం పొరలతో చేసే పాతకాలపు కండెన్సరు ఒకటి తెప్పించుకున్నాను. దాని ధరకి కోఠీలో సంచీడు సిరామిక్ కండెన్సర్లు వచ్చేవి. దానితో నాదం వెచ్చగా, తియ్యగా ఉంటుందని గిటారువాళ్ళలో గట్టి నమ్మకం. నాకూ అలాగే వినిపించింది. ఖరీదైన వస్తువు కొన్న చెవి అలా వినకపోతే ఆశ్చర్యపడాలి. అందుకని పరీక్ష పెట్టుకున్నాను. గిటారు జాకు బెజ్జంలోంచి రెండు తీగలు బయటికి లాగి చివర్లకు మొసలి క్లిప్పులు పెట్టాను. టోన్ మీట సున్నాలో. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి నా వెనక కూర్చుని, బొమ్మ బొరుసు వేసుకుని, నూనెదో సిరామిక్‌దో ఒక కండెన్సరు క్లిప్పుల్లో పెట్టేది. నేను ఒకే వరస మీటి ఏదో చెప్పాలి. ఇరవై సార్లు.

పదిహేడు సరిగ్గా చెప్పాను. కాలరెగరేశాను. అమ్మాయి మాత్రం మల్టీమీటరు కెపాసిటీ మీదికి తిప్పి, “నాన్నా, ఇది నలభై ఏడు కాదు, ముప్పై ఆరు” అంది సిరామిక్‌ను చూపించి. నూనెది 49 ఉంది. చవక సిరామిక్‌లలో రాసిన విలువకీ అసలు విలువకీ ఇంత తేడా మామూలే. అంటే నేను విన్నది నూనెని కాదు, 13 నానోఫారడ్‌లని. సిరామిక్ పక్కన ఒక పది నానో, ఒక 2.2 నానో కలిపి 48 దాకా తెచ్చి మళ్ళీ మొదలెట్టాం. ఈసారి ఇరవైలో తొమ్మిది. కళ్ళు మూసుకుని బొరుసు అన్నా అన్నే వచ్చేవి. ఇద్దరు మనుషులు, ఒక గిటారు, ఒక మధ్యాహ్నం కాబట్టి దీన్ని శాస్త్రమని చెప్పను. కానీ ఇంత చిన్న వోల్టేజీలో కండెన్సరు లోపలి పదార్థం తేడా చూపడానికి కారణమేదీ కనపడదు. విలువ కొలిచి వేసుకుంటే డబ్బు మిగులుతుంది. ఆ మిగిలినదానితో మంచి సాల్డరింగ్ ఐరన్ కొనుక్కోవచ్చు. నా పాతది సరిగా వేడెక్కక, పాట్ వీపు మీద ఎర్త్ తీగ అతికేది కాదు. అతికేదాకా అదిమి పట్టుకుంటే పాట్ లోపలి కర్బనపు పట్టీ ఉడికిపోయింది. తిప్పినప్పుడల్లా కరకరమంటుంటే పారేశాను.

పాట్ సంగతి కండెన్సరుకన్నా ముఖ్యమని ఆ తర్వాత గానీ తెలియలేదు. టోన్ పదిలో పెడితే ఆ దారి మూసుకుపోయినట్టే అనుకుంటాం. మూసుకోదు. 250 కిలో ఓముల పాట్ అయితే 250 కిలో ఓముల దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పక్కనే వాల్యూమ్ పాట్ మరో 250. ఈ రెండూ కలిసి 5,000 హెర్ట్జ్ దగ్గరి గుబ్బను ఎప్పుడూ తొక్కిపట్టి ఉంచుతాయి. రెంటినీ 500 కిలో ఓములవి వేస్తే గుబ్బ ఎత్తు దాదాపు రెట్టింపవుతుంది. హంబకర్లకు 500, నాలాంటి ఒంటి చుట్ట పికప్‌లకు 250 అని వాడుక ఏర్పడింది అందుకే. ఒంటి చుట్టకు 500 వేస్తే పళ్ళు జివ్వుమంటాయి. పైగా పాట్‌లలో ఇరవై శాతం అటూ ఇటూ ఉండటం సహజం. ఒకే అరలోంచి తీసిన రెండు పాట్‌లు 215, 280 చూపించాయి నాకు.

ఇందులో నాకు బాగా నచ్చిన కిటుకొకటి ఉంది. పాట్ మూత విప్పి, కర్బనపు పట్టీలో పది వైపు చివర గోళ్ళ రంగు ఒక్క చుక్క వేస్తే, మీట అక్కడికి చేరగానే దారి నిజంగానే తెగిపోతుంది. తొమ్మిదిన్నర దాకా మామూలు గిటారు, పదిలో టోన్ అసలు లేని గిటారు. మా ఇంట్లో రంగు గులాబీది దొరికింది. పనిచేస్తోంది.

వాల్యూమ్ తగ్గిస్తే పదును కూడా పోతుందన్నది మరో పాత బాధ. మధ్యలో వచ్చిన పాట్ నిరోధం, కేబుల్ కెపాసిటెన్స్ కలిసి ఇంకో వడపోత కడతాయి. వాల్యూమ్ పాట్‌లో మోత లోపలికొచ్చే కాలుకీ బయటికెళ్ళే కాలుకీ మధ్య ఒక నానోఫారడ్, దానికి జతగా 150 కిలో ఓములు వేస్తే చాలావరకు తీరుతుంది.

పికప్‌లు ఒకటి కన్నా ఎక్కువ ఉంటే వాటిని ఎలా కలిపారన్నది మరో ప్రపంచం. పక్కపక్కన కలిపితే ఇండక్టెన్స్ సగమై గుబ్బ పైకి పోతుంది. ఒకదాని తోక ఇంకోదాని తలకు వరసగా కలిపితే రెట్టింపై కిందికి దిగుతుంది, మోత బలపడుతుంది. ఒకదాన్ని తిరగేసి కలిపితే ఇంకా తమాషా. లోతు స్వరాలకు రెండు పికప్‌ల మీదా తీగ ఒకేలా ఊగుతుంది కాబట్టి అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పై అనుస్వరాలు ఒక్కో చోట ఒక్కోలా ఊగుతాయి కాబట్టి మిగిలిపోతాయి. తేనెటీగ మోతలాంటి సన్నటి గొంతు వస్తుంది. స్ట్రాటోకాస్టర్‌కి 1954లో పెట్టింది మూడు స్థానాల స్విచ్చి. వాయించేవాళ్ళు ఆ మీటను రెండు స్థానాల మధ్య జాగ్రత్తగా ఆపి, రెండు పికప్‌లు కలిసిన గొంతును పట్టుకున్నారు. ఐదు స్థానాల స్విచ్చి కంపెనీ నుంచి రావడానికి 1977 దాకా పట్టింది.

ఇంట్లో గిటారు చేసేవాళ్ళందరికీ పెద్దన్న క్వీన్ బృందం గిటారిస్టు బ్రయన్ మే. లండన్ శివారులో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన తండ్రి హెరాల్డ్‌తో కలిసి 1963లో తన గిటారు మొదలుపెట్టాడు. ఫెండర్ కొనే స్తోమత లేదు. మెడ ఒక పాత పొయ్యిగూటి చట్రపు మహాగని నుంచి వచ్చింది, పురుగు తొలిచిన బెజ్జాల్లో అగ్గిపుల్లలు కొట్టారు. తీగల్ని వణికించే మీట కొసకు అమ్మ అల్లికసూది ముక్క పెట్టారు, దాని స్ప్రింగులు మోటారు సైకిలు ఇంజనువి. అన్నిటికన్నా నాకు అసూయ కలిగించేది దాని వైరింగ్. మూడు పికప్‌లు వరసగా కలిపి, ఒక్కొక్కదానికి రెండేసి స్విచ్చిలు: ఒకటి ఉందా లేదా అన్నదానికి, రెండోది తిరగేయడానికి. ఆరు చిన్న స్విచ్చిలు. ఫ్యాక్టరీ గిటారు నాలుగైదు గొంతులిస్తే అది అంతకు ఎన్నో రెట్లు ఇచ్చింది. క్వీన్ పాటల్లో మనం విన్నది ఎక్కువగా ఆ గిటారునే. నేనూ ఆరు స్విచ్చిలు వేశాను, రెండు తీసేశాను. వాయించేటప్పుడు ఏది ఎటుందో గుర్తుండాలంటే నాకు అంత బుర్ర లేదు.

నా గిటారును మొదటిసారి యాంపుకి తగిలించినప్పుడు గుయ్యిమని ఒకటే మోత. తీగల మీద చేయి పెడితే పెరుగుతోంది. మామూలుగా చేయి పెడితే తగ్గాలి. చూస్తే తీగలు ఆనే బ్రిడ్జికి ఎర్త్ తీగే వేయలేదు, మొత్తం నా నిర్వాకం. ఒంటి చుట్ట పికప్ గోడలోని వైర్ల నుంచి ఈ గుయ్యిమనే హమ్ లాగుతుంది. రెండు చుట్టల్ని ఎదురెదురుగా కలిపి ఆ హమ్‌ని కొట్టేయించిన హంబకర్‌ను గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో తయారుచేసింది ఈ బాధ పడలేకే. అన్నట్టు, హమ్‌కి కూడా దేశం ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాది 60. మన హమ్ షడ్జమం అనుకుంటే వాళ్ళ హమ్ సరిగ్గా సాధారణ గాంధారం. ఒక హెచ్చరిక కూడా: బ్రిడ్జి ఎర్త్ వేశాక గిటారు తీగలు యాంపు ఎర్త్‌కే కలిసి ఉంటాయి. మూడో పిన్ను పనిచేయని ప్లగ్గులో యాంపు పెట్టి తీగలు పట్టుకోకండి.

చివరికి 250 పాట్‌లు, 33 నానో కండెన్సరు, గులాబీ చుక్క. నెల రోజులు ఏరి ఏరి పెట్టుకున్న గొంతు. దాన్ని వినిపించడానికి మిత్రుడింటికి తీసుకెళ్ళాను. పదిలో పెట్టి మీటాను. వాడు ఓపిగ్గా విని, “బాగుంది గానీ బావా, కాస్త మొద్దుగా లేదూ?” అన్నాడు. ఉంది. తొమ్మిదిలో ఉండాల్సిన మందం పదిలో వినిపిస్తోంది. పాట్ చూశాను, సాల్డరింగ్ చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. కాళ్ళకు చుట్టుకున్నప్పుడు గానీ కేబుల్ కనపడలేదు. వాడిది ఆరు మీటర్లది. ఇంట్లో నాది మూడు. ఎక్కువైన మూడొందల పికోఫారడ్‌లు నా గుబ్బను 5,000 నుంచి 3,800కి దించేశాయి. కండెన్సరు తూకం వేసి కొన్నవాణ్ణి, కేబుల్ అనే కండెన్సరును లెక్కలోకే తీసుకోలేదు.

మర్నాడు కోఠీలో 331 అని రాసి ఉన్నవి రెండు అడిగాను. 330 పికో. షాపాయన ఈసారి వోల్టులు అడగలేదు, “గిటారుకేనా?” అన్నాడు. ఇంటికొచ్చి జాకు రెండు కాళ్ళ మధ్య ఒకటి క్లిప్పుతో తగిలించాను, నా మూడు మీటర్ల కేబుల్ ఆరు మీటర్లదైంది. ఇక పాట్‌ల దగ్గర్నుంచి మళ్ళీ మొదలు. 250 పక్కన 500 పెట్టుకుని కూర్చున్నాను. అమ్మాయి నోటుపుస్తకంలో ఒక కాయితం చించి ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు వేస్తోంది.